ఏడు లెక్క తప్పితే ఎక్కడ కలవాలి? ప్రోగ్ రాక్ కచేరీపై పాఠకుల ప్రశ్నలు

వరంగల్, కరీంనగర్, మంచిర్యాల దిక్కు నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ప్రోగ్రెసివ్ రాక్ గురించి అడిగినవే ఎక్కువ. 1960ల చివర ఇంగ్లండులో రూపు కట్టిన సంగీతం ఇది. పాట పది, ఇరవై నిమిషాలు కూడా సాగుతుంది. నడుమ తాళం మారుతుంది, నడక మారుతుంది, గుసగుసగా మొదలైంది ఉరుము దాకా పోతుంది. పెళ్లి ఆర్కెస్ట్రాకు సరిపోయే ఏర్పాట్లు దీనికి చాలవు. స్టేజీ మీద వాయించేవాళ్లకు ఒకరిది ఒకరికి వినపడితేనే ఈ సంగీతం నిలుస్తుంది. జనానికి ఎంత గట్టిగా వినిపించాలన్నది ఆ తర్వాతి ముచ్చట.

ప్రశ్న: మేం అయిదుగురం. 7/8లో (ఆవర్తానికి ఏడు దెబ్బలు) ఒక పాట కట్టినం. రూముల ఎన్నిసార్లు వాయించినా కుదురుతది. స్టేజీ ఎక్కంగనే డ్రమ్స్ ఒక దిక్కు, కీబోర్డు ఒక దిక్కు పోతున్నయి. ఎందుకిట్ల? – కాజీపేట

జవాబు: రూములో మీ మధ్య దూరం రెండు మీటర్లు ఉంటుందేమో, స్టేజీ మీద అది పది అవుతుంది. వేసవి సాయంత్రం గాలిలో ధ్వని సెకండుకు దాదాపు 350 మీటర్లు పోతుంది. అంటే పది మీటర్ల అవతల పడ్డ స్నేర్ (డ్రమ్స్‌లో చురుగ్గా మోగే చిన్న డ్రమ్) దెబ్బ కీబోర్డు దగ్గరికి 29 మిల్లీసెకండ్లు ఆలస్యంగా చేరుతుంది. దాన్ని పట్టుకుని వాయిస్తే, ఆ వాయింపు డ్రమ్మర్‌కి ఇంకో 29 ఆలస్యంగా చేరుతుంది. అతను మీకోసం ఆగుతాడు, మీరు అతనికోసం ఆగుతారు, నడక కుంగిపోతుంది. దీనికి తోడు హాలు వెనక గోడ ఒకటి. గోడ 25 మీటర్ల దూరంలో ఉంటే పెద్ద స్పీకర్ల శబ్దం దానికి తగిలి 140 మిల్లీసెకండ్ల తర్వాత మీ చెవిన పడుతుంది. నిమిషానికి 140 వేగంలో 7/8 వాయిస్తే (ఆ 140లో ఒక్కోదానికి ఈ దెబ్బలు రెండు) ఒక్కో దెబ్బకు 214 మిల్లీసెకండ్లు. గోడ నుంచి వచ్చింది రెండు దెబ్బల నడుమ పడి, అది కూడా ఒక దెబ్బే అనిపిస్తుంది. 4/4లో చెవి దీన్ని సర్దుకుంటుంది. ఏడులో సర్దుకోవడానికి జాగా ఉండదు.

అందుకని ముందు దగ్గరికి జరగండి. స్టేజీ ఎంత పెద్దదైనా డ్రమ్స్, బాస్, కీబోర్డు మూడు మీటర్ల లోపలే ఉండాలి. బాస్ వాయించేవాళ్లు డ్రమ్మర్‌కి హైహ్యాట్ (కాలితో మూసే జంట సింబల్స్) ఉన్న వైపు నిలబడాలి. అందరి మానిటర్లలోనూ (వాయించేవాళ్లకు వినిపించే స్పీకర్లు) హైహ్యాట్, స్నేర్ పెట్టించుకోండి. తమది తాము వినడానికే మానిటర్ అనుకునే గిటారిస్టులు దీనికి ఒప్పుకోరు, ఒప్పించాలి.

తర్వాత ఏడును ఎలా విరిచారో కాగితం మీద రాయండి. మిశ్రచాపు నేర్చుకున్నవాళ్లకు ఏడంటే తకిట తకధిమి, మూడు మీద నాలుగు. రాక్ రిఫ్‌లలో (మళ్లీ మళ్లీ వచ్చే స్వరాల ముక్కలు) చాలావాటికి తకధిమి తకిట, నాలుగు మీద మూడు. ఒకరు అలా, ఒకరు ఇలా లెక్కపెడుతుంటే రూములో తేలదు, స్టేజీ మీద తేలుతుంది. వాయిద్యాలు పక్కనపెట్టి అయిదుగురూ కలిసి నోటితో చెప్పండి. అయిదుకు తక తకిట, పదకొండుకు తకధిమి తకధిమి తకిట. డ్రమ్స్ నాలుగులో, మిగతావాళ్లు ఏడులో పోయే చోట ఇద్దరూ కలిసేది 28వ దెబ్బ తర్వాతే. అంటే ఏడుకు నాలుగు ఆవర్తాలు, నాలుగుకు ఏడు ఆవర్తాలు. ఆ తర్వాతి మొదటి దెబ్బే మీ దిగుడు చోటు.

క్లిక్ ట్రాక్ (లయ చెప్పే టిక్‌టిక్ శబ్దం) వాడితే ఇయర్‌ఫోన్ మానిటర్లలోనే వాడండి. కింద పెట్టే వెడ్జ్ స్పీకర్లలోకి క్లిక్ వదిలితే మైకులు దాన్ని పట్టి జనానికి వినిపిస్తాయి. తాళం మారే ముందు ఆవర్తంలో క్లిక్ మీదనే "రెండో భాగం, ఒకటి, రెండు" అని గొంతు రికార్డు చేసి పెట్టుకోవచ్చు.

ఇక తప్పినప్పుడు. ఎవరికి వారు వెతుక్కోవద్దు. గిటార్ ఆగాలి, కీబోర్డు ఒక్క కార్డ్ మీద నిలవాలి, బాస్, కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) మాత్రం ఆవర్తం మొదటి దెబ్బనే కొడుతూ పోవాలి. దిగుడు చోటు రాగానే డ్రమ్మర్ కర్ర పైకెత్తితే అందరూ ఎక్కాలి. ప్రాక్టీసులో కావాలని ఒకర్ని తప్పించి ఇది సాధన చేయండి. బయట వింటున్నవాళ్లకు అది కూడా పాటలో భాగమే అనిపిస్తుంది.

ప్రశ్న: మా ఊర్ల సౌండ్ సిస్టం వాళ్లు డీజేలకు ఇచ్చేవాళ్లే. మాకేం కావాల్నో వాళ్లకు ఎట్ల చెప్పాలె? – జగిత్యాల

జవాబు: కాగితం మీద చెప్పండి. ఫోన్లో "ఫుల్ బ్యాండ్ అన్నా" అంటే వాళ్లకు అర్థమయ్యేది నాలుగు మైకులు, రెండు పెద్ద బాక్సులు. డ్రమ్స్‌కు ఎనిమిది మైకులు: కిక్, స్నేర్, హైహ్యాట్, మూడు టామ్‌లు, పైన రెండు. బాస్‌కు డీఐ బాక్సు (వాయిద్యాన్ని నేరుగా మిక్సర్‌కు కలిపే పెట్టె) ఒకటి, గిటార్ యాంప్‌లకు రెండు మైకులు. స్టీరియో కీబోర్డులు రెండయితే నాలుగు లైన్లు. అకూస్టిక్ గిటార్‌కు ఒకటి, ఫ్లూట్ లేదా వయొలిన్‌కు ఒకటి, గొంతులకు మూడు. ల్యాప్‌టాప్ నుంచి ట్రాక్‌కు రెండు, క్లిక్‌కు ఒకటి. మొత్తం 23. బ్యాండుతో మాట్లాడుకునే మైకుతో 24. కాబట్టి 16 చానెళ్ల మిక్సర్ చాలదు, 32 అడగండి. అంతకన్నా ముఖ్యం, మిక్సర్‌కు ఎన్ని ఆక్స్ అవుట్‌పుట్‌లు (వేరే మిక్స్‌ను బయటికి పంపే దారులు) ఉన్నాయన్నది. అయిదుగురికి అయిదు వేర్వేరు మానిటర్ మిక్స్‌లు కావాలంటే కనీసం అయిదు, ఇయర్‌ఫోన్లలో స్టీరియో కావాలంటే పది. చానెళ్లు లెక్కపెట్టి ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

చానెల్ నంబర్లతో ఒక పేజీ, స్టేజీ బొమ్మతో ఒక పేజీ. బొమ్మలో ఎవరెక్కడ, పవర్ పాయింట్ ఎక్కడ, వెడ్జ్ ఎక్కడ అన్నవి జనం వైపు నుంచి చూసినట్టు గీయండి. సబ్‌ఊఫర్లు తగ్గించమంటే డీజే వాళ్లు నొచ్చుకుంటారు. తగ్గించాల్సిన పని లేదు. వాటిని వేరే ఆక్స్ మీద పెట్టి కిక్, బాస్, ఒక కీబోర్డు మాత్రమే అందులోకి పంపమనండి. గొంతులు, గిటార్లు సబ్‌లోకి పోతేనే బురద.

ప్రశ్న: ఫంక్షన్ హాల్లో పెడితే అంతా గోల. మాట ఒక్కటి అర్థం కాదు. వాల్యూమ్ పెంచితే ఇంకా ఘోరం. – కరీంనగర్

జవాబు: టైల్స్ నేల, పీవోపీ సీలింగ్, ఎదురెదురుగా రెండు చదును గోడలు. శబ్దం చావడానికి దారి లేదు. పాత శబ్దం చావకముందే కొత్తది వస్తే రెండూ కలిసి గోల అవుతాయి. వాల్యూమ్ పెంచితే రెండూ పెరుగుతాయి, తేడా మాత్రం అంతే ఉంటుంది.

స్టేజీ వెనక గోడకు, ఎదుటి గోడకు మందపాటి పరదాలు వేలాడదీయించండి. షామియానా వాళ్ల దగ్గర దొరికే పలుచటి సైడ్‌వాల్ గుడ్డ ఒక్క పొర వేస్తే పైస్థాయి శబ్దాలే తగ్గుతాయి. మడతలు పెట్టి, గోడకు ఒక జానెడు ఎడంగా కడితే మధ్యస్థాయి దాకా పనిచేస్తుంది. బాస్‌ను ఏ గుడ్డా ఆపదు, దాన్ని మిక్సర్ దగ్గరే తగ్గించాలి. గొంతులన్నిటికీ 100 హెర్ట్జ్ దగ్గర, గిటార్లకు 80 దగ్గర హై-పాస్ ఫిల్టర్ (అంతకన్నా కింది స్థాయి శబ్దాలను కోసేది) వేయండి. స్పీకర్లను కుర్చీల వైపు కొద్దిగా కిందికి వంచండి, ఖాళీ గోడను కొట్టనీయవద్దు. జనం నిండితే హాలు చాలా మారుతుంది కనుక ఖాళీ హాల్లో సౌండ్ చెక్ చూసి గుండె జారనక్కర్లేదు. గిటార్ యాంప్‌ను పక్కకు తిప్పి, నేల మీద నుంచి కుర్చీ ఎత్తుకు లేపండి. వాయించేవాళ్ల చెవికి తగులుతుంది, వాళ్లే తగ్గిస్తారు.

హాలు పొడుగైతే నడుమ చిన్న స్పీకర్లు పెట్టి, వాటికి ఆలస్యం ఇవ్వండి. ముందు స్పీకర్ల నుంచి 20 మీటర్ల దూరమైతే 30 డిగ్రీల వేడిలో 57 మిల్లీసెకండ్లు. దానికి ఇంకో పది కలపండి. అప్పుడు వెనక కూర్చున్నవాళ్లకు పాట స్టేజీ మీద నుంచే వస్తున్నట్టు ఉంటుంది. ఆలస్యం ఇవ్వకుండా స్పీకర్లు పెడితే పెట్టనిదే నయం.

ఒక్కటి మాత్రం వాయించేవాళ్ల చేతిలోనే ఉంది. వేగంగా, దట్టంగా ఉండే భాగాలను ఇలాంటి హాల్లో పది శాతం నెమ్మదించండి. విడిగా కూర్చుని వినేందుకు కట్టిన ఆడిటోరియం దొరికితే మళ్లీ పెంచుకోవచ్చు.

ప్రశ్న: కచేరీ నడుమ కీబోర్డు ఆగి మళ్లీ ఆన్ అయింది. స్పీకర్లలో హమ్ పోదు. పాడేటప్పుడు మైకు తగిలితే పెదవికి షాక్ కొడుతోంది. జనరేటర్ ఎంతది కావాలి? – హన్మకొండ

జవాబు: షాక్ సంగతి ముందు. గిటార్ తీగెలకు, మైకుకు వేర్వేరు ఎర్తింగ్ అందుతోందన్నమాట, లేదా ఒకదానికి అసలు లేదు. మల్టీమీటర్‌ను ఏసీలో పెట్టి ఒక మొన తీగెకు, ఇంకోటి మైకు జాలీకి ఆనించండి. సున్నా దగ్గరలో ఉండాలి. పదులలో చూపిస్తే ఎవరూ మైకు దగ్గరికి పోవద్దు, ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా ఆపండి. మైకుకు స్పాంజి తొడిగి పాడటం పరిష్కారం కాదు. హమ్ పోవాలని ప్లగ్ ఎర్త్ పిన్ విరగ్గొట్టే అలవాటు మన దగ్గర ఉంది. అది ప్రాణం మీదికి తెచ్చుకోవడం.

హమ్‌లో రకాలున్నాయి. లావుగా, కింది స్థాయిలో మూలిగేది 50 హెర్ట్జ్. ఒకే పరికరానికి రెండు దారుల్లో ఎర్త్ అందితే వస్తుంది. డీఐ బాక్సు మీద గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కితే పోతుంది, ప్లగ్ జోలికి పోనక్కర్లేదు. జుయ్యిమని గీరుకునేది 100 హెర్ట్జ్, దాని మీది స్థాయిలు. అది లైట్ల డిమ్మర్ల నుంచి, చౌక అడాప్టర్ల నుంచి. తీగెల మీద చెయ్యి పెట్టగానే తగ్గిపోతే అది గిటార్ లోపలి షీల్డింగ్ లోపం, కరెంటును తిట్టి లాభం లేదు.

మూడు ఫేజులు వస్తే సౌండ్‌కు ఒకటి, లైట్లకు మిగతావి ఇవ్వండి. స్టేజీ మీది కీబోర్డులు, పెడళ్లు, మిక్సర్, యాంప్‌లు అన్నీ సౌండ్ ఫేజు మీదే ఉండాలి. ఏదీ పెట్టకముందే కొలవండి. ఫేజ్‌కు న్యూట్రల్‌కు మధ్య 220 నుంచి 240, న్యూట్రల్‌కు ఎర్త్‌కు మధ్య రెండు మూడు వోల్టుల లోపు. మూడు ఫేజుల్లో న్యూట్రల్ ఊడితే కొన్ని పరికరాల మీద 400 దగ్గరికి కూడా వోల్టేజి ఎక్కుతుంది, ఒక్క క్షణంలో అన్నీ కాలిపోతాయి. అందుకే న్యూట్రల్ బిగింపును చేత్తో కాదు, స్క్రూడ్రైవర్‌తో చూడాలి, అదీ కరెంటు తీసేశాక.

జనరేటర్ లెక్క ఇది. సౌండ్‌కు ఆరు కిలోవాట్లు, లైట్లకు నాలుగు, స్టేజీకి ఒకటి, మొత్తం 11. 25 కేవీఏ జనరేటర్ ఇచ్చేది 20 కిలోవాట్లు. బాస్ దెబ్బలకు ఒక్కసారిగా లాగే కరెంటుకు ఆ మిగులు కావాలి. 15 కేవీఏ చాలు అనేవాళ్ల లెక్క సగటుది, బాస్ డ్రమ్ సగటున మోగదు. జనరేటర్ స్టేజీకి 40 మీటర్ల ఎడంగా ఉండాలి, దానికి సొంత ఎర్త్ రాడ్ ఉండాలి.

కీబోర్డు ఆగి ఆన్ అవ్వడం వోల్టేజి ఒక్క చిటికెలో పడి లేచినందుకు. కీబోర్డు, ల్యాప్‌టాప్, డిజిటల్ మిక్సర్, మూడింటికీ ఒక యూపీఎస్ పెట్టండి. లేకపోతే మిక్సర్ మళ్లీ లేచేదాకా హాలంతా మౌనంగా ఎదురుచూడాల్సి వస్తుంది. లైన్ నుంచి జనరేటర్‌కు మార్చేటప్పుడు ముందు పవర్ యాంప్‌లు ఆపండి, ఆన్ చేసేటప్పుడు అవే చివర.

ప్రశ్న: మే నెలలో బయట గ్రౌండులో కచేరీ. ట్యూన్ చేసిన గిటార్ పది నిమిషాలకే తప్పుతోంది. – మంచిర్యాల

జవాబు: ఉక్కు తీగె వేడికి సాగుతుంది, శ్రుతి దిగుతుంది. ఎండలో సౌండ్ చెక్ చేసి ట్యూన్ చేస్తే, పొద్దు గూకాక తీగె చల్లబడి శ్రుతి ఎక్కుతుంది. స్టేజీ లైట్ల కిందికి రాగానే మళ్లీ దిగుతుంది. కాబట్టి గిటార్లు వాయించే ముందు అరగంట స్టేజీ మీదే, నీడలో, మూత తీసి ఉండాలి. కారు డిక్కీలో వదిలితే తీగెలే కాదు, జిగురు అతుకులు కూడా పోతాయి. కొత్త తీగెలు ఆ రోజే ఎక్కించకండి, ముందురోజు ఎక్కించి బాగా లాగి వదలండి. పన్నెండు తీగెల గిటార్ ఒక్క పాటకే కావాలంటే దాన్ని చివరికి కాకుండా మొదట్లో పెట్టుకోవడం మేలు. కీబోర్డులు, ల్యాప్‌టాప్‌లు నేరుగా ఎండ తగిలితే వేడెక్కి ఆగిపోతాయి. సౌండ్ చెక్ దాకా తెల్ల గుడ్డ కప్పండి, నల్లది వద్దు. దుమ్ముకు కూడా అదే గుడ్డ.

ప్రశ్న: పాట చివర డప్పు పెట్టాలని ఉంది. రాక్ డ్రమ్స్‌తో కలుస్తుందా? – జనగామ

జవాబు: బాగా కలుస్తుంది, చోటు ఇస్తే. సిర్ర దెబ్బ, సిటికెన పుల్ల దెబ్బ రెండూ స్నేర్ ఉండే స్థాయిలోనే మోగుతాయి. అవి వచ్చినప్పుడు డ్రమ్మర్ స్నేర్ వదిలి టామ్‌ల మీదికి పోవాలి. లేకపోతే రెండూ ఒకదాన్నొకటి మింగుతాయి. డప్పు వాయించేవాళ్లు కదులుతారు కనుక స్టాండు మైకు పనికిరాదు, చట్రానికి క్లిప్పుతో చిన్న మైకు బిగించండి. గట్టి శబ్దం కాబట్టి మిక్సర్‌లో ఆ మైకు చానెల్ దగ్గర ప్యాడ్ (వచ్చే శబ్దాన్ని తగ్గించే మీట) నొక్కాలి. చర్మం గిటార్‌కు వ్యతిరేకం, వేడికి బిగుసుకుని పైకి పోతుంది, రాత్రి తేమకు వదులవుతుంది. పద్నాలుగో నిమిషంలో డప్పు రావాలంటే పదో నిమిషంలో కాచడం మొదలుపెట్టాలి. రెండు డప్పులు ఉంటే నయం. మంట స్టేజీకి, కేబుళ్లకు దూరంగా, ఇసుక బకెట్ దగ్గర పెట్టుకుని.

ఏడు లెక్కను డప్పు వాయించేవాళ్లకు అంకెల్లో చెప్పకండి. దెబ్బ నోటితో చెప్పండి, రెండుసార్లు వింటే పట్టేస్తారు.

ప్రశ్న: పాత బ్యాండ్లు వయొలిన్ల గుంపు శబ్దం ఒక్క కీబోర్డుతో ఎలా తెచ్చాయి? ఇప్పుడు మేం ల్యాప్‌టాప్‌తో చేస్తే వేలు నొక్కాక ఆలస్యంగా మోగుతోంది. – వరంగల్

జవాబు: కింగ్ క్రిమ్సన్, జెనెసిస్ లాంటివాళ్లు వాడింది మెలోట్రాన్. ప్రతి మీట కింద ఒక టేపు ముక్క, దాని మీద నిజమైన వయొలిన్లో, బృందగానమో రికార్డై ఉంటుంది. నొక్కితే దాదాపు ఎనిమిది సెకండ్లు మోగి టేపు అయిపోతుంది. వేలు తీస్తే స్ప్రింగు వెనక్కి లాగుతుంది. మోటారు వేగం మారితే శ్రుతి మారేది, స్టేజీ మీద దాన్ని నమ్ముకోవడం కష్టమయ్యేది. ఆ పాటల్లో పొడుగు కార్డ్‌లు ఎనిమిది సెకండ్ల లోపే మారడానికి కారణం చాలావరకు ఇదే. మీరు శాంపిల్ (ముందే రికార్డు చేసిన శబ్దం) వాడినా అక్కడక్కడ వేలు ఎత్తండి, లేకపోతే ఆ ఊపిరి రాదు.

మీ ఆలస్యం ఆడియో బఫర్‌ది, అంటే ల్యాప్‌టాప్ శబ్దాన్ని కొంచెం కొంచెంగా పోగేసి పంపడం వల్ల వచ్చేది. 48 కిలోహెర్ట్జ్‌లో 512 శాంపిళ్లంటే 10.7 మిల్లీసెకండ్లు, 128 అయితే 2.7. ఇది ఒక్క దశకే, మొత్తం ఆలస్యం ఇంతకన్నా ఎక్కువ. 128కి దించితే ల్యాప్‌టాప్ చిటపటలాడితే, వాడని శబ్దాలు మూసేయండి, వైఫై ఆపండి, చార్జర్ పెట్టి పవర్ సేవింగ్ తీసేయండి. పాటలో శబ్దాలు మార్చుకోవడానికి మౌస్ వాడొద్దు. వరుసగా ప్యాచ్‌లు పెట్టుకుని కాలి పెడల్‌తో ముందుకు పోవాలి. వెనక్కి పోయే పెడల్ కూడా ఉండాలి, తొందరలో కాలు రెండుసార్లు పడుతుంది.

ప్రశ్న: మైకు కూతపెడుతోంది. ఈక్వలైజర్‌తో పోతుందా? – పెద్దపల్లి

జవాబు: కొంత. ముందు వెడ్జ్ జరపండి. కార్డియాయిడ్ మైకుకు (ముందు నుంచి వచ్చేదే ఎక్కువగా వినేది) వెడ్జ్ నేరుగా వెనక ఉండాలి, ఇంకా ఇరుకుగా వినే సూపర్‌కార్డియాయిడ్‌కు కొద్దిగా పక్కకి. జాలీని గుప్పిట్లో పట్టుకుంటే ఏ మైకైనా కూస్తుంది. పాడని భాగాల్లో గొంతు మైకులు మూసేయండి. తెరిచిన మైకులు రెట్టింపైతే కూత రాకుండా వాల్యూమ్ పెంచగలిగే హద్దు మూడు డెసిబెళ్లు తగ్గుతుంది. ప్రోగ్‌లో పది నిమిషాలు పాటే ఉండదు, ఆ మైకులు ఊరికే డ్రమ్స్ వింటుంటాయి.

ప్రశ్న: రాత్రి పది దాటితే పోలీసులు ఆపుతారా? మా పాటలు పొడుగు, లెక్క ఎలా వేసుకోవాలి? – కరీంనగర్

జవాబు: 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా లౌడ్‌స్పీకర్ కుదరదు. పండుగ, సాంస్కృతిక సందర్భాలకు ఏడాదిలో 15 రోజులకు మించకుండా రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. అది మీ కచేరీకి దానంతటదే వర్తించదు. మామూలు రోజుల్లో కూడా రాతపూర్వక అనుమతి కావాలి. ఆసుపత్రి, బడి, కోర్టు చుట్టూ వంద మీటర్లు నిశ్శబ్ద మండలంగా ప్రకటించి ఉండవచ్చు, గ్రౌండ్ మాట్లాడుకునే ముందే చూసుకోండి.

9:30కి ముగించేలా వేసుకోండి. 24 చానెళ్ల లైన్ చెక్‌కు అరగంట, సౌండ్ చెక్‌కు గంటన్నర. స్టేజీ మధ్యాహ్నం రెండుకల్లా మీ చేతికి రావాలి. మే నెలలో పొద్దు ఆరున్నర దాటాకే గూకుతుంది, ఏడులోపు లైట్లు వేసినా కనపడవు. కాబట్టి లైట్లతో పనున్న ఇరవై నిమిషాల పాటను మొదట పెట్టకండి. దాన్నే ఆఖరుకూ పెట్టకండి. ఆలస్యమైతే నడుమ తెగేది అదే. ఆఖర్న అయిదారు నిమిషాల పాటలు రెండు ఉంటే, ఒకటి తీసేసినా ఎవరికీ తెలియదు.

చెవులు కూడా ఈ లెక్కలోవే. 85 డెసిబెళ్ల దగ్గర ఎనిమిది గంటలు, 100 దగ్గర పావుగంట మాత్రమే క్షేమమని వృత్తి ఆరోగ్య నిపుణుల లెక్క. డ్రమ్మర్ ఇయర్‌ఫోన్లు రెండు చెవులకూ పెట్టుకోవాలి. ఒకటి తీస్తే రెండోదాని వాల్యూమ్ పెంచక తప్పదు.

ప్రశ్న: పాట నడుమ నిశ్శబ్దం రాగానే అయిపోయిందనుకుని జనం చప్పట్లు కొడుతున్నారు. – వరంగల్

జవాబు: కొట్టనివ్వండి. మరీ ఇబ్బంది అయితే ఆ నిశ్శబ్దంలో లైట్లు ఆర్పకుండా ఒక్క రంగు మీద నిలపండి, వాయించేవాళ్లు వాయిద్యాల మీద నుంచి చేతులు తీయకండి. ఆఖర్న మాత్రం అందరూ ఒకేసారి చేతులు దించాలి.